రెండో వరసలో నిలబడ్డవాడి కొడుకు

కెన్యాస్ ఎంబేవేకి ఈ దేశంలో చోటు లేదని తేల్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ ముక్క ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. నేనెవరినీ కొట్టలేదు, ఎవరి గుడిసెకూ నిప్పు పెట్టలేదు. ఒక కాగితం మీద ఒక మాట రాశాను. ఇరవై ఏళ్ళ తర్వాత, మాట్లాడాల్సిన చోట ఒక మాట మింగాను. బడిపంతుళ్ళం చేసే పాపాలు ఇలాగే ఉంటాయి, చేతికి మసి అంటదు.

మర్రీ దొర పొగాకు ఫారంలో కూలీల పిల్లలకు ముప్పై ఏళ్ళు చదువు చెప్పాను. బడి అంటే పాత ఎరువుల గోదాము. దాని వెనకే బ్యారన్లు, పచ్చాకును వేడికి ఆరబెట్టే కొట్లు. కెన్యాస్ బతుకంతా ఆ బ్యారన్ల దగ్గరే గడిచింది. ఆకు ఈనెను రెండు వేళ్ళ మధ్య విరిచి, ఆ చప్పుడు విని, మంట పెంచాలో తగ్గించాలో చెప్పేవాడు. దొర దగ్గర ఇంగ్లండు నుంచి తెప్పించిన థర్మామీటరు ఉండేది. అది ఒకటి చెప్పి కెన్యాస్ ఇంకోటి చెబితే దొర థర్మామీటరునే తిట్టేవాడు. అంత పనిమంతుడికి జీతం మాత్రం అందరితో సమానం. ఆ సమానత్వం ఒక్కటే ఆ ఫారంలో ఉండేది.

మనిషి పొట్టి. పసరుకి నల్లబడ్డ చేతులు ఎంత తోమినా తెల్లబడేవి కావు. పదిమంది మాట్లాడుతుంటే తను పదకొండోవాడిగా కూర్చుని వినేవాడు. అందరికీ తెలిసింది ఇంతే: వాళ్ళ నాన్న అలిక్ ఎంబేవే, పని కోసం ఉత్తరాన ఉన్న న్యాసాలాండ్ దేశం నుంచి నడిచి వచ్చిన వేలమందిలో ఒకడు. ఫారం కూలీల్లో ముప్పాతిక మంది అలాంటివాళ్ళ సంతానమే. ఈ దేశపు షోనావాళ్ళం వాళ్ళను 'మబ్విడీ' అనేవాళ్ళం, చెప్పుకోవడానికి ఒక ఊరంటూ లేనివాళ్ళని. పండగ సెలవులకు మేమంతా సొంతూళ్ళకు బస్సెక్కుతుంటే వాళ్ళు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు. ఆ మాట నేనూ అన్నాను, చాలాసార్లు, నవ్వుతూనే.

అసలు సంగతి వేరు. అలిక్ ఎంబేవే అన్నవాడు పని వెతుక్కుంటూ ఈ లోయదాకా వచ్చిన మాట నిజం. కానీ వాడు పెళ్ళి కాకుండానే, కొడుకు పుట్టకుండానే జ్వరంతో పోయాడు. వాడిని పాతిపెట్టిన స్నేహితుడి పేరు ముకోనోరి. కెన్యాస్ ఆ ముకోనోరి కొడుకు.

కెన్యాస్ పుట్టింది, రెండో పెద్ద యుద్ధం నుంచి తిరిగొచ్చిన తెల్ల సిపాయిలకు ఈ లోయను బహుమానంగా పంచిపెట్టిన ఏడాది. లోయలో అప్పటికే మనుషులున్నారు, ఏనుగు గోత్రం వాళ్ళు. చిటోంగో గుట్ట మీది గుహల్లో వాళ్ళ తాతల సమాధులు ఉన్నాయి. అవన్నీ ఎవరు పట్టించుకున్నారు? ఒక పొద్దున లారీలు వచ్చాయి. చెట్టు కింద రెండు బల్లలు వేసి గుమాస్తాలు కూర్చున్నారు. ఇక్కడివాళ్ళంతా ఒక వరస, లారీ ఎక్కి రిజర్వుకు, నల్లవాళ్ళకని విడిచిన బంజరుకు, పోవాలి. న్యాసావాళ్ళు రెండో వరస, దొర దగ్గర పనికి ఉండాలి. ఇక్కడివాడైతే దుక్కి రోజులొస్తే పని వదిలి ఇంటికి పారిపోతాడని, దూరంనుంచి వచ్చినవాడికి పారిపోవడానికి ఇల్లే ఉండదని దొరల లెక్క.

ముకోనోరి భార్య ప్రసవించి తొమ్మిది రోజులు. పిల్లాడి బొడ్డుతాడు ముందురోజే ఊడింది, గుడిసె గుమ్మం పక్కన పాతారు. మాలో బొడ్డుతాడు పాతిన చోటే మనిషి ఊరు, దానికి తిరుగులేదు. పైగా గుట్ట మీద తాతలకు ఏడాదికోసారి నైవేద్యంగా నస్యం పోసేవాడు ఒకడుండాలి. లారీ ఎక్కితే అది ఎవరు చేస్తారు? ముకోనోరి మొదటి వరసలోంచి జరిగి రెండో వరసలో నిలబడ్డాడు. పేరేంటని గుమాస్తా అడిగితే చచ్చిన స్నేహితుడి పేరు చెప్పాడు. పుట్టిందెక్కడంటే న్యాసాలాండ్ అన్నాడు. మొదటి వరసలో అతని అన్నదమ్ములు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకడైనా మిగిలితే మంచిదే అనుకుని ఉంటారు.

సొంత మట్టిలో ఉండాలంటే పరాయివాడినని చెప్పుకోవాలి. ఆ రోజుల్లో అది తెలివైన పనే. మిగతావాళ్ళు నలభై మైళ్ళ అవతల ఇసక పర్రలో జొన్న కూడా పండక ఏడుస్తుంటే ముకోనోరి మాత్రం తాతల గుట్ట కిందే బతికాడు, ఎంబేవేగా. పక్క గుడిసెల దగ్గర న్యాసావాళ్ళ భాష నేర్చుకున్నాడు. ఏడాదికోసారి తేనె కోసమని చెప్పి గుట్టెక్కేవాడు.

కెన్యాస్‌కి ఈ సంగతి ఇరవైరెండో ఏట తెలిసింది, అదీ ఒక ఆడపిల్ల వల్ల. పొగాకు గ్రేడింగుకి రిజర్వు నుంచి వచ్చిన పిల్ల, పేరు కెరెసియా. గలగలా మాట్లాడేది. కెన్యాస్‌తో మాట్లాడించేది కూడా. చేసుకుంటానని కెన్యాస్ నాన్నతో చెప్పాడు.

"ఆ పిల్ల వద్దురా," అన్నాడు తండ్రి.

"వద్దని వాళ్ళనాలి నానా, మనం మబ్విడీలమని. నువ్వంటావేంటి?"

"అది నీకు చెల్లెలవుద్ది."

కెన్యాస్ నవ్వాడట. "ఎటునుంచి? వాళ్ళ ఊరు నువ్వు జన్మలో చూశావా?"

ఆ ఆదివారం తండ్రి కొడుకుని గుట్ట ఎక్కించాడు. రాళ్ళు పేర్చి మూసిన గుహ ముందు కూర్చోబెట్టి, నస్యం పోసి, తన అసలు పేరు చెప్పాడు. ఒకే గోత్రం వాళ్ళు తోబుట్టువులు, మాలో ఇంకో మాట లేదు. గోత్ర స్తుతి నాలుగు పాదాలు నేర్పించాడు:

"దంతాలు మోసేవాడా,
నడిచిన చోటల్లా దారి వేసేవాడా,
నీళ్ళు తాగితే ఏరు సగమయ్యేవాడా,
చిటోంగో నీడలో ఎముకలు దాచినవాడా."

"ఇంకా ఉందా నానా?"

"బోలెడుంది. ముందు నోరు మూసుకోవడం నేర్చుకో, తర్వాత మిగతాది."

నోరు మూసుకోవడం కెన్యాస్ బాగానే నేర్చుకున్నాడు. మిగతాది నేర్పకుండానే ఆ వానాకాలం తండ్రి ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. తను ఎందుకు వద్దంటున్నాడో కెరెసియాకి కెన్యాస్ చెప్పలేదు. చెబితే గ్రేడింగు షెడ్డంతా పాకి, దొర చెవిన పడి, మర్నాడే లారీ వస్తుంది. ఆ పిల్ల సీజను మధ్యలోనే మూట కట్టుకుని వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "రిజర్వు పిల్ల నీకు ఆనలేదు కదా. ఊరులేనివాడికి కూడా ఎంత పొగరు," అందట. తర్వాత కెన్యాస్ ఫైనెస్ అనే న్యాసా పిల్లను చేసుకున్నాడు. మంచి మనిషి. ఆమెకు మొదటి వారమే అంతా చెప్పాడు. "పోనీలే, నీకు రెండు ఊళ్ళు. కొందరికి ఒక్కటీ లేదు," అని ఆమె నవ్వేసింది.

స్వతంత్రం వచ్చింది. రెండు రోజులు డప్పులు ఆగలేదు. మరుసటి ఏడు కొత్త గుర్తింపు కార్డుల కోసం ఫారం కూలీల వివరాలు రాయడానికి బడిలో బల్ల వేసి నన్ను కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా, కొత్త పెన్ను. నా గొప్ప చూడాలి ఆ రోజు. వరస బావి దాకా ఉంది. కెన్యాస్ వంతు వచ్చింది.

"టీచర్, ఒక మాట దిద్దాలి. మా నాన్న న్యాసాలాండ్‌వాడు కాదు."

"మరి?"

"ఇక్కడోడే. ఏనుగు గోత్రం. దొరల కాలంలో భయపడి అట్లా చెప్పాడు."

"సాక్ష్యం ఎవరు?"

బయటికి చూశాడు. "చిటోంగో గుట్ట."

"గుట్ట వచ్చి వేలిముద్ర వేస్తదా?" అన్నాను. వరసంతా నవ్వింది. నాకు భలే హుషారొచ్చింది. "ఒరే కెన్యాస్, స్వతంత్రం వచ్చింది. ఇప్పుడు అయ్య ఎక్కడ పుడితే ఎవడిక్కావాలి? వరస చూడు ఎంతుందో. తర్వాత దిద్దుకుందువులే."

దొరల నాటి గుర్తింపు పాసులో న్యాసాలాండ్ అని ఉంది. ఆ దేశం పేరు అప్పటికే మారింది గనక, తండ్రి పుట్టిన చోటు మలావీ అని రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాను. కెన్యాస్ 'సరే టీచర్' అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నేనూ గుర్తుచేసుకోలేదు.

ఇరవై ఏళ్ళు గడిచాక, దొరల భూములు తిరిగి తీసుకునే రోజులొచ్చాయి. మర్రీ దొర కొడుకు రెండు పెట్టెలు, మూడు కుక్కలతో వెళ్ళిపోయాడు. వాడి కోసం నేను ఏడవలేదు, ఏడవను. తాతలనాడు లాక్కున్నది తిరిగి తీసుకోవడం న్యాయం. తీసుకున్నాక పంచేటప్పుడే న్యాయానికి కాళ్ళు వణికాయి.

రిజర్వు నుంచి ఏనుగు గోత్రం వాళ్ళు లారీల్లో దిగారు. వాళ్ళ పెద్ద గోరెడెమా, గ్రామపెద్ద, నలభై దాటినవాడు, నోరు మంచి మనిషి. కానీ ఇంకో గోత్రం వాళ్ళు కూడా ఈ లోయ మాదేనని కూర్చున్నారు. తాతల సమాధులు ఎవరు చూపిస్తే లోయ వాళ్ళదని పైనుంచి తీర్పొచ్చింది. సమాధుల జాడ తెలిసిన ముసలివాళ్ళు రిజర్వులోనే పోయారు. గోరెడెమా మూడు రోజులు గుట్ట చుట్టూ తిరిగి కాళ్ళు బొబ్బలెక్కించుకున్నాడు. అవతలి గోత్రం వాళ్ళు కింద కూర్చుని ఈలలు వేశారు.

నాలుగో రోజు పొద్దున కెన్యాస్ వెళ్ళి గోరెడెమా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులతో మెల్లగా, మాలో పెద్దలకు కొట్టే చప్పట్లు కొట్టి, "దంతాలవాడా, దణ్ణం," అన్నాడు. "నా వెనక రండి."

నేనూ వెళ్ళాను. ముళ్ళ పొదలు తప్పించుకుంటూ, ఒక్కచోట కూడా ఆగకుండా నడిచాడు. రాళ్ళు తీసి చూపించాడు. మూడు సమాధులు, ఒక మట్టి ముంత, ముంతలో నస్యం. పోసి ఏడాది కూడా కాలేదు, వాసన పోలేదు. వచ్చినవాళ్ళంతా కూలబడి చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు.

"ఈ నస్యం ఎవరు పోశారు?" అన్నాడు గోరెడెమా.

"నేను. నాకు ముందు మా నాన్న ముకోనోరి." నాలుగు పాదాలూ చెప్పాడు.

"ఐదోది?" అన్నాడు ఒక ముసలాయన.

"నాకు రాదు. మా నాన్న నేర్పకముందే పోయాడు."

గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు గుంపులోంచి, యాభై ఏళ్ళకే ముసలమ్మలా అయిపోయిన ఒకావిడ కర్ర తాటించుకుంటూ ముందుకొచ్చింది. కెరెసియా. గోరెడెమాకి మేనత్త ఆవిడ. కెన్యాస్ మొహం మీదికి వంగి చూసింది.

"ఇందుకేనా?" అంది.

"ఇందుకే," అన్నాడు కెన్యాస్. "చెప్పలేకపోయాను. తప్పయింది."

ఆమె జనం వైపు తిరిగింది. "వీడు మనోడే. కాకపోతే నన్ను చేసుకునేవాడు. నన్ను వద్దనాలంటే మగాడికి ఏదో పెద్ద కారణమే ఉండాలి, అప్పట్లో నేను ఎట్లా ఉండేదాన్నో మీకేం తెలుసు," అంది. గుట్టంతా నవ్వింది. గోరెడెమా కెన్యాస్ చేతులు రెండూ పట్టుకుని 'బాబాయ్' అని పిలిచాడు. కెన్యాస్ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

లోయ ఏనుగు గోత్రానిదని తేలింది. రెండు వారాల తర్వాత బడి ముందు పొలాలు పంచారు. కమిటీ ఛైర్మన్ జాబితా చదివాడు. పదిహేడో పేరు నాది. నేను ఈ లోయవాణ్ణి కాదు, మాది ఇక్కడికి రెండు వందల మైళ్ళు, అయినా టీచరుగారికి ఒక ముక్క. కెన్యాస్ అడిగింది నాలుగెకరాలు, బ్యారన్ పక్కది, తన బొడ్డుతాడు ఉన్నది. జాబితా అయిపోయింది. ఆ పొలం గోరెడెమా బావమరిదికి పోయింది.

"నా పేరు రాలేదు," అన్నాడు కెన్యాస్ లేచి.

ఛైర్మన్ కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "ఎంబేవే. తండ్రి మలావీ. పరాయివాళ్ళకి భూమి లేదు."

"మా నాన్న ముకోనోరి. గుట్ట మీద అందరి ముందూ చెప్పాను. గోరెడెమా, నువ్వు చెప్పు."

గోరెడెమా తన బూటు వైపు చూసుకుంటున్నాడు. ఛైర్మన్ నా వైపు తిరిగాడు. "టీచర్, ఈ చేతిరాత మీదేనా?"

"నాదే."

"రాసేటప్పుడు ఇతను వేరేగా ఏమన్నా చెప్పాడా?"

జనమంతా నన్నే చూశారు. కెన్యాస్ కూడా చూశాడు, నమ్మకంగా. చెప్పాడని అంటే, చెప్పినా తప్పు రాసినవాణ్ణి నేనవుతాను. పదిహేడో పేరుకి ఇంకా సిరా ఆరలేదు. "గుర్తు లేదు," అన్నాను.

గుర్తు లేకపోవడమా? ఆ రోజు వరసలో ఎవడెవడు నవ్వాడో ఇప్పటికీ పేర్లు చెప్పగలను.

అప్పుడు గోరెడెమా గొంతు సవరించుకున్నాడు. "చూడు ఎంబేవే," అన్నాడు. రెండు వారాల్లో బాబాయ్ కాస్తా ఎంబేవే అయిపోయాడు. "రక్తం సంగతి మేం కాదనట్లేదు. కానీ నీకిస్తే ఈ కూలీ గుడిసెల్లో ప్రతివాడూ మా అయ్యా అబద్ధమాడాడనే వస్తాడు. నీ రుణం ఉంచుకోం. నువ్వు పోయినప్పుడు చిటోంగో మీద, తాతల పక్కనే పడుకోబెడతాం. మాటిస్తున్నాను."

"బతికున్నవాడికి గుమ్మం ముందు చోటు లేదు, చస్తే గుట్ట మీద ఉందన్నమాట," అన్నాడు కెన్యాస్. "అయితే ఎప్పుడు చావాలో కూడా మీరే చెప్పండి. మీ దుక్కి రోజులకు అడ్డం రాకుండా చూసుకుంటాను."

ఎవరూ నవ్వలేదు. కెరెసియా లేచి ఏదో అనబోతే ఆడవాళ్ళకు ఇక్కడ మాట లేదన్నారు. గుట్ట మీద ఆమె మాట కావలసి వచ్చింది మరి. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే.

మర్నాడు లారీ వచ్చింది. యాభై మూడేళ్ళ క్రితం తండ్రి తప్పించుకున్న లారీ కొడుకుకి దొరికింది. కూలీ కుటుంబాలన్నింటినీ మెయిన్ రోడ్డు వంతెన దగ్గర దింపేశారు. ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని అక్కడే ఉండిపోయారు. కెన్యాస్, ఫైనెస్ ఇటుకలు కోసి బతికారు. మా లోయలో మొదటి పంట ఆకు వచ్చింది. గోరెడెమా బావమరిది మంట అదుపు తెలియక ఒక బ్యారన్ ఆకుతో సహా తగలబెట్టాడు. రెండో బ్యారన్‌కి కెన్యాస్‌ని పిలిపించారు. వెళ్ళాడు. ఎందుకు వెళ్ళావయ్యా అని నేనడిగితే, "ఆకు ఏం పాపం చేసింది టీచర్?" అన్నాడు. సంకటి ముద్ద, చిన్నచేపల కూర పెట్టి, తన బొడ్డుతాడు పాతిన గుమ్మం అవతల కూర్చోబెట్టి తినమన్నారు. ఆరు సీజన్లు అలా వెళ్ళాడు.

ఏడో ఏడు మంచం పట్టాడు. తండ్రిలాగే, ఊపిరితిత్తులు. నేను చక్కెర పొట్లం పట్టుకుని వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాణ్ణి నేను. ఆ రోజు అబద్ధమాడానని చెప్పాను.

"తెలుసు టీచర్," అన్నాడు. "మీ మొహం చూస్తే ఈనె విరిగినట్టే తెలిసింది." కాసేపు దగ్గి, "నేను పోతే వాళ్ళు వస్తారు. కర్మకు కోయడానికి ఎద్దునీ తెస్తారు. శవాన్ని ఇవ్వద్దు. నన్ను ఇక్కడ, వంతెన దగ్గరోళ్ళతోనే పెట్టండి. మా నాన్న వీళ్ళ వరసలో నిలబడితే వీళ్ళెవరూ నువ్వెవడివని అడగలేదు," అన్నాడు.

"సమాధి చెక్క మీద పేరు నేను రాస్తాను," అన్నాను. "కెన్యాస్, ముకోనోరి కొడుకు, ఏనుగు గోత్రం. ఇప్పుడైనా నిజం రాస్తాను."

నా వైపు తిరిగి చూశాడు. కోపం కూడా లేదు, ఉంటే బాగుండేది. "ఇప్పుడు వరస లేదా టీచర్?" అన్నాడు. "అప్పుడు ఏం రాశారో అదే రాయండి. దిద్దొద్దు."

అన్నట్టే వాళ్ళు వచ్చారు. ఎద్దు, డప్పులు, కొత్త దుప్పటి, ముందు గోరెడెమా. అది ప్రేమ కాదు. అన్యాయం జరిగిన రక్తసంబంధీకుడు ఊరికే పోడు, తిరిగొచ్చి వంశాన్ని పీడిస్తాడని మాలో భయం. "మా బాబాయ్, లోయని మాకు తెచ్చిపెట్టిన మహానుభావుడు," అని గోరెడెమా రోడ్డు మీదే ఏడుపందుకున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు. ఫైనెస్ శవానికి అడ్డంగా నిలబడి, "ఆయన వద్దన్నాడు," అంది. మగవాళ్ళు ఆమెను పక్కకు జరపబోయారు.

కెరెసియా కర్ర అడ్డం పెట్టింది. "బతికుండగా నాకు మొగుడు కాకుండా పోయాడు, మీకు బాబాయ్ కాకుండా పోయాడు. చచ్చాక మీకెందుకురా? పదండి."

వాళ్ళు వెళ్ళిపోలేదు, రోడ్డు అవతలికి జరిగి ఆగిపోయారు. ఇవతల మేం మట్టి వేస్తుంటే అక్కణ్ణుంచి, గుట్ట మీద ఐదో పాదం అడిగిన ఆ ముసలాయన గోత్ర స్తుతి అందుకున్నాడు. నాలుగు పాదాలు నాకు తెలిసినవే. ఐదోది వచ్చింది, ఆరోది వచ్చింది. నలభై దాకా లెక్కపెట్టి మానేశాను. అంత పొడుగు ఉంటుందని కెన్యాస్‌కి తెలియదు.

ఫైనెస్ చెక్క, తారు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందరూ చూస్తున్నారు, కెరెసియా కూడా రోడ్డు అవతలి నుంచి. బ్రష్షు ముంచాను. కెన్యాస్ ఎంబేవే, మలావీ అని రాశాను. గుండ్రంగా, ఒక్క కొట్టివేత కూడా లేకుండా.